ఉప్పు మడి నుంచి మంచు కొండకి

మొదటి రోజు: ఇసకపల్లి, నెల్లూరు

మాది ఉప్పు పండించే ఇల్లు. నెల్లూరు జిల్లా ఇసకపల్లిలో, సముద్రానికి దగ్గర్లో, తాతల నాటి నుంచీ ఉప్పు మడులే మా పొలం. నేను కావలిలో ఓ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను గానీ సెలవు దొరికితే ఇప్పటికీ గట్టు మీదే ఉంటాను. బయల్దేరే రోజు పొద్దున చెప్పి వెళ్దామని పోతే, అమ్మ మడిలో ఉప్పు లాగే పని చూస్తూ నిలబడి ఉంది.

"మంచు కొండలకు పోతా ఉండారంట గదా. ఆడ గూడా తుఫాను వస్తదా?"

"వస్తదమ్మా. వాన బదులు మంచు పడుద్ది."

"అయితే ఆడుండే వాళ్ళ మాట వినండి" అంది. ఇంకేం అడగలేదు.

ఈ ప్రయాణం అసలు మా మేనల్లుడిది. బెంగళూరులో ఉద్యోగం, వయసు ఇరవై నాలుగు. చలికాలంలో, మంచు నిండుగా ఉన్నప్పుడు మనాలీ పైన బియాస్ కుండ్ అనే సరస్సుకు పోయే దారిలో నడవాలని రెండేళ్ళుగా ఒకటే పట్టు. వేసవిలో బడి పిల్లలు కూడా నడిచే దారి అది. చలికాలంలో దాని సంగతి వేరు. వాడొక్కణ్ణీ పంపనని మా బావ బయల్దేరాడు. నాకు ఇంకో కారణం ఉంది. 2022 అక్టోబర్ 4న ఉత్తరకాశీ జిల్లాలో ద్రౌపది కా డాండా శిఖరం మీద శిక్షణలో ఉన్న పర్వతారోహకుల మీద మంచు చరియ విరిగి పాతిక మందికి పైగా చనిపోయారు. ఆ బృందంలో నేర్చుకునేవాళ్ళతో పాటు నేర్పేవాళ్ళూ ఉన్నారు. మంచు తెలిసినవాళ్ళు కూడా ఎలా చిక్కుకుపోయారు? అప్పటి నుంచి దొరికిందల్లా చదువుతూనే ఉన్నాను. చదివింది కళ్ళతో చూడాలనిపించింది.

రాత్రి నెల్లూరు స్టేషన్లో గ్రాండ్ ట్రంక్ ఎక్కాం. అక్క కట్టిచ్చిన సంచిలో చింతకాయ పచ్చడి, చెక్కలు, ఒక పెట్టె నిండా మలైకాజా.

రెండు, మూడు రోజులు: రైలు, బస్సు

రైల్లో రెండు రాత్రులు, ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి వోల్వో బస్సులో ఇంకో రాత్రి. మండీ దాటాక బియాస్ నది పక్కకొచ్చింది. మన పెన్నలా వెడల్పు లేదు, రాళ్ళ మధ్య ఇరుక్కుని అరుస్తూ పోతోంది.

నాలుగో రోజు: మనాలీ

మనాలీ ఎత్తు 2,050 మీటర్లు. సముద్రమట్టం నుంచి వచ్చిన మాకు మెట్లెక్కితే ఆయాసం. ఆ రోజు కొండ జోలికి పోవద్దని గైడు ముందే చెప్పాడు. ఆయనది సోలాంగ్ వైపు ఊరు, నలభై దాటిన మనిషి, మాట తక్కువ. మా మేనల్లుడు హిందీలో అడుగుతాడు, మాకు తెలుగులో చెప్తాడు, మధ్యలో నేను ఆగి రాసుకుంటాను. అక్కడున్న వారమంతా ఇట్లాగే నడిచింది.

రాగానే మా ముందు మూడు వస్తువులు పెట్టాడు. ఛాతీకి కట్టుకునే బీకన్, మడిచి పెట్టుకునే పొడవాటి లోహపు కర్ర, చిన్న పార. ముగ్గురికీ మూడేసి. బీకన్ 457 కిలోహెర్ట్జ్ మీద నిరంతరం సంకేతం పంపుతూ ఉంటుంది. ఒకరు కూరుకుపోతే మిగతావాళ్ళు తమ బీకన్లను వెతికే పనిలోకి మార్చుకోవాలి. తెర మీద బాణం గుర్తు, దూరం అంకె కనిపిస్తాయి. అంకె అన్నిటికన్నా తగ్గిన చోట కర్ర గుచ్చి చూడాలి, తగిలితే పారతో తవ్వాలి.

హోటల్ వెనక పెరట్లో గైడు ఒక బీకన్‌ను సంచిలో పెట్టి మంచులో పాతిపెట్టి వెతకమన్నాడు. మొదటిసారి బావకు తొమ్మిది నిమిషాలు పట్టింది. "మళ్ళీ" అన్నాడు గైడు. ఆరు. "మళ్ళీ." ఐదోసారికి మూడు నిమిషాల్లో దొరికింది. అప్పుడు చెప్పాడు ఎందుకో. పూర్తిగా కూరుకుపోయిన మనిషిని పావుగంట లోపు బయటికి తీస్తే బతికే అవకాశం చాలా ఎక్కువ. అర్ధగంట దాటేసరికి ముగ్గురిలో ఒకరు కూడా కష్టం. చలి వల్ల కాదు, ఊపిరాడక. ఊరి నుంచి సాయం వచ్చేదాకా అంత టైం ఉండదు. పక్కనున్నవాడే తవ్వాలి.

బావ సియాచిన్ సంగతి ఎత్తాడు. 2016 ఫిబ్రవరిలో హనుమంతప్ప అనే జవాను మంచు కింద ఆరు రోజులు బతికి ఉన్నాడు కదా అని. అవును, బతికి బయటికొచ్చాడు, కొద్ది రోజులకే ఆస్పత్రిలో పోయాడు. ఆయనతో పాటు కూరుకుపోయిన తొమ్మిది మంది, వాళ్ళలో మన కర్నూలు జిల్లా కుర్రాడొకడు, ప్రాణాలతో దొరకలేదు. గైడు ఇదంతా విని, "అది చూసి ధైర్యం తెచ్చుకోకండి" అని మాత్రం అన్నాడు.

పోతూ పోతూ ఒక మాటన్నాడు. "ఈ ఏడు మొదట్లో మంచు తక్కువ పడింది. అదే నాకు భయం." తక్కువ పడితే భయమెందుకు? రాత్రి నిద్ర పట్టేదాకా అదే ఆలోచించాను.

ఐదో రోజు: సోలాంగ్, అంజనీ మహాదేవ్

సోలాంగ్‌లో రోడ్డు పక్కనంతా జనం. అద్దె కోట్లు, స్కీలు, గుర్రాలు, మొక్కజొన్న కంకులు. అక్కడి నుంచి అంజనీ మహాదేవ్‌కు కాలిదారి. పైనుంచి పడే జలధార శివలింగం మీద పడీ పడీ చలికాలంలో గడ్డకడుతుంది. ఇంటి ఎత్తును మించి తెల్లటి మంచు లింగం నిలబడుతుంది. కొందరు భక్తులు చివరి కొంత దూరం చెప్పులు విప్పి మంచులోనే నడుస్తున్నారు. బావ కూడా విప్పాడు. దండం పెట్టుకుని వచ్చాక అరగంట దాకా పాదాలు రుద్దుకుంటూ కూర్చున్నా మొహంలో తృప్తి మాత్రం తగ్గలేదు.

దారిలో గైడు వాలు చూడటం నేర్పించాడు. మంచు పలకగా విరిగి జారేది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. అంతకన్నా తక్కువైతే జారడానికి బలం చాలదు, మరీ నిటారుగా ఉంటే పడింది పడినట్టే కొంచెం కొంచెం రాలిపోతుంది, పేరుకోదు. ఫోన్లో వాలు కొలిచే యాప్ ఉంది. నడక కర్రను మంచు మీద పడుకోబెట్టి, దాని మీద ఫోన్ పెడితే అంకె వస్తుంది. కంటికి నలభైలా కనబడింది కొలిస్తే ఇరవై ఎనిమిది. కంటికి మామూలుగా ఉన్నది కొలిస్తే ముప్పై ఆరు. ఆ రెండోది చూసి మేనల్లుడు రెండడుగులు వెనక్కేశాడు.

స్కీయింగ్ చేసేవాళ్ళకు బాగా నచ్చే వాలు కూడా 30, 40 మధ్యదే. మనిషికి ముచ్చటేసేదీ, చరియకు అనువైనదీ ఒకటే కావడం నాకు చాలా బాధగా అనిపించింది. మెత్తగా, నున్నగా, చెట్టూ రాయీ లేకుండా విశాలంగా కనిపించే చోటు చూస్తే, అక్కడ చెట్టెందుకు లేదని అడగాలట. చాలాసార్లు జవాబు ఒక్కటే, ఏటా చరియ వచ్చి ఊడ్చుకుపోతుంది కాబట్టి.

ఇంకోటి. మనం నిలబడ్డ చోటు చదునుగా ఉంటే చాలదు. తల పైన ఏముందో చూడాలి. లోయ అడుగున హాయిగా నడుస్తున్నవాడి మీదికి అర కిలోమీటరు పైన విరిగింది రావచ్చు.

ఆరో రోజు: గొయ్యి

ఈ ప్రయాణంలో నా మనసుకు బాగా పట్టిన రోజు ఇదే.

పొద్దున్నే దేవదారు చెట్ల అంచున, ఉత్తరం వైపు తిరిగిన చిన్న వాలు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఉత్తరపు వాలుకు చలికాలమంతా ఎండ సరిగా తగలదు కాబట్టి మంచు గట్టిపడటం ఆలస్యం. బియాస్ కుండ్ దారి పైన ఉండే వాలుల్లో చాలావాటి తీరు కూడా ఇదేనట. అక్కడ నేల తగిలేదాకా తవ్వాం. 110 సెంటీమీటర్లు. గోడ నున్నగా చెక్కి, వేళ్ళతో పై నుంచి కిందికి నొక్కుతూ పొమ్మన్నాడు.

పైన ఇరవై సెంటీమీటర్లలో పిడికిలి దిగిపోయింది. దాని కింద గాలికి కొట్టుకొచ్చి బిగిసిన పొర, నలభై సెంటీమీటర్లు, ఒక్క వేలు మాత్రం కష్టంగా దిగింది. ఆ తర్వాత గాజు పెంకులాంటి పలచటి గట్టి పొర. ఎండకు కరిగి రాత్రి మళ్ళీ గడ్డకట్టిందట. దాని కింద చెయ్యి పెట్టగానే గోడ జలజలా రాలింది. నేల దాకా అంతే, అరమీటరు. గుప్పిట్లోకి తీసుకుని ముద్ద చేద్దామంటే అవ్వదు, వేళ్ళ సందుల్లోంచి పంచదారలా కారిపోతుంది.

గైడు జేబులోంచి నల్లటి అట్టముక్క, చిన్న భూతద్దం తీశాడు. ఆ రవ్వలు కొన్ని అట్ట మీద వేసి నా చేతికిచ్చాడు. చూసి అట్లాగే ఉండిపోయాను. ఒక్కో రవ్వ రెండు మూడు మిల్లీమీటర్లు, లోపల డొల్ల, తలకిందులుగా పెట్టిన కప్పులాగా, దాని గోడల మీద మెట్లు మెట్లుగా గీతలు. ఇది నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన ఆకారం! గాలి లేని రోజు, నీరు కదలకుండా ఉంటే మా మడుల్లో ఉప్పు ఇట్లాగే పడుతుంది, మెట్లు మెట్లుగా, మధ్యలో గుంటతో. నాన్న దాన్ని డొల్లుప్పు అనేవాడు. మధ్యలో కన్నా అంచుల్లో వేగంగా పెరిగే స్ఫటికం ఏదైనా ఇదే తీరు. అది ఉప్పూ ఇది నీరూ, అయినా పెరిగిన పద్ధతి ఒకటే.

గైడు రెండు రోజుల కిందట అన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది. మంచు కింద నేల ఎంత చలిలోనూ సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. పైన గాలి మైనస్ పన్నెండో పదిహేనో. మంచు రెండు మీటర్ల మందం ఉంటే ఆ తేడా రెండు మీటర్ల మీద పరుచుకుంటుంది. అరమీటరే ఉంటే అంత తేడా ఆ అరమీటరులోనే ఇరుకుతుంది. అప్పుడు అడుగునుంచి ఆవిరి పైకి వేగంగా లేస్తుంది, ఒక రవ్వను వదిలి ఇంకో రవ్వ మీద పేరుకుంటుంది. రవ్వలు పెరుగుతాయి, కానీ వాటి మధ్య అతుకులు పోతాయి. డిసెంబరులో కొంచెం పడి, ఆ తర్వాత మూడు వారాలు పొడి ఎండ, గడ్డకట్టే రాత్రులు. ఆ మూడు వారాల్లో ఎవరూ చూడకుండా కింద పునాది ఇట్లా తయారైంది. తర్వాత పడిన మంచంతా దాని మీదే కూర్చుంది.

ఆ తర్వాత పరీక్ష. ముప్పై సెంటీమీటర్ల పొడవు, ముప్పై సెంటీమీటర్ల వెడల్పున స్తంభంలా కోశాడు. దాని మీద పార పెట్టి, మణికట్టు నుంచి చేతిని ఆడిస్తూ పదిసార్లు తట్టాడు. ఏమీ కాలేదు. మోచేతి నుంచి పదిసార్లు మొదలుపెట్టాడు. మూడో దెబ్బకు, అంటే పదమూడోదానికి, పైనున్న అరవై సెంటీమీటర్ల దిమ్మె మొత్తం నా ఒడిలోకి వచ్చేసింది. పగల్లేదు, చితకలేదు. బల్ల సొరుగు లాగినట్టు, నున్నగా, ఒక్కసారిగా. అది నిలబడ్డది ఆ పంచదార మీదే.

"ఇప్పుడు దీని మీద ఇంకో మూడడుగులు పడితే?" అని గైడు అడిగాడు. మేమేం మాట్లాడలేదు. ఆయన పడమటి వైపు చూపించాడు. ఆకాశం పాలిపోయి, సూర్యుడి చుట్టూ గుడి కట్టి ఉంది.

ఏడు, ఎనిమిది రోజులు: మంచు

పడింది. ఏడో రోజు తెల్లవారుజాము నుంచి ఎనిమిదో రోజు సాయంత్రం దాకా. మనకు తుఫానులు తూర్పు నుంచి, బంగాళాఖాతం నుంచి వస్తాయి. వీళ్ళకు పడమటి నుంచి, మధ్యధరా సముద్రం వైపు పుట్టి ఇరాన్, అఫ్ఘానిస్తాన్ మీదుగా వస్తాయి. వెస్టర్న్ డిస్టర్బెన్స్ అని రేడియోలో వింటుంటామే, అవి.

కరెంటు పోయింది. మేం ఉన్న ఇంటి వంటగదిలో తందూర్ అనే కట్టెల పొయ్యి చుట్టూ చేరాం. గైడు పెరట్లో ఒక చెక్కపలక పెట్టి, ఆరు గంటలకోసారి దాని మీద పడ్డ మంచు కొలిచి తుడిచేసి వచ్చేవాడు. గంటకు రెండు, మూడు సెంటీమీటర్లు. మొత్తం ఎంత పడిందన్నదానికంటే ఎంత వేగంగా పడుతోందన్నదే ముఖ్యమట. మెల్లగా మోపితే మంచు సర్దుకుంటుంది. ఒక్కసారిగా మోపితే సర్దుకునే టైం ఉండదు. పైగా గాలి. గాలి ఒక వైపు మంచును ఎత్తుకుపోయి కొండ అవతలి వాలు మీద పోస్తుంది. ఆకాశం నుంచి అడుగు పడితే ఆ వాలు మీద మూడడుగులు ఉండొచ్చు.

ఫోన్లో సిగ్నల్ వచ్చినప్పుడు బులెటిన్ చూశాం. మంచు చరియల హెచ్చరికలు ఇచ్చేది చండీగఢ్‌లోని డీజీఆర్‌ఈ, డీఆర్‌డీవోకు చెందిన సంస్థ. 2020 దాకా మంచు, చరియల మీద పరిశోధన చేసిన పాత సంస్థకు ఈ మనాలీలోనూ కేంద్రం ఉండేది. మా జిల్లా రేవుల్లో ప్రమాద సూచికల నంబర్లు ఎగరేసినట్టు ఇక్కడ రంగులు. ఆ రోజు మేం ఉన్న ప్రాంతానికి ఆరెంజ్.

ఇంటి యజమానురాలు పెద్దావిడ. పుట్టిల్లు కొండకు అవతల, లాహౌల్‌లో. సిడ్డు అనే ఆవిరి రొట్టె నెయ్యి పోసి పెడుతూ తన చిన్ననాటి సంగతులు చెప్పింది. అక్కడివాళ్ళు చరియ పడితే "గ్లేషియర్ వచ్చింది" అంటారు. 1979 మార్చిలో లాహౌల్ స్పితిలో వరసగా వచ్చాయి, రెండు వందల మందికి పైగా పోయారు. అప్పుడు కొండ కింది అటల్ సొరంగం లేదు, రోహతాంగ్ కనుమ మూసుకుంటే ఆరు నెలలు ఆ లోయ ఈ లోకంలో లేనట్టే. వాళ్ళ ఊరి పైన వాలు మీద ఒక్క చెట్టు కూడా కొట్టనిచ్చేవారు కాదట పెద్దలు. మా తీరాన సరుగుడు తోటల్ని ఎందుకు కాపాడుకోవాలో గుర్తొచ్చింది.

అప్పుడు బావ చెప్పడం మొదలుపెట్టాడు. తనది కావలి పక్కనే. 1989 తుఫాను నాటికి పన్నెండేళ్ళవాడు. థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, ఆ దేశాన్ని అడ్డంగా దాటి మన సముద్రంలోకొచ్చి, మళ్ళీ బలం పుంజుకుని నవంబర్ 8 రాత్రి కావలి దగ్గర తీరం దాటింది అది.

"పెంకులు లేచిపోయినయ్. దూలం పట్టుకోని కూర్చున్నాం. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. ఆకు గూడా కదల్లా. మా చిన్నాయన బర్రెగొడ్లను చూసొస్తానని బయటికి పోయినాడు. మా నాయన గట్టిగా అరిచినాడు, ఇంకా అయిపోలేదురా, లోపలికి రా అని. ఆయన వచ్చి తలుపేసినాడో లేదో ఈ పక్క నుంచి కొట్టిన గాలి ఆ పక్క నుంచి కొట్టింది. పశువుల కొట్టం గోడ మొత్తం పడిపోయింది."

మేనల్లుడు హిందీలో చెప్పాడు. పెద్దావిడ తల ఊపింది. గైడు పొయ్యిలో కట్టె సర్దుతూ, "ఇక్కడ ఆ మధ్యలో వచ్చే ప్రశాంతం రేపు వస్తుంది" అన్నాడు.

తొమ్మిదో రోజు: నీలం ఆకాశం

కిటికీ తీస్తే కళ్ళు చెదిరిపోయాయి. మచ్చుకు మబ్బు తునక లేదు. హనుమాన్ టిబ్బా శిఖరం తెల్లగా, ఇంత దగ్గరగా. దేవదారు కొమ్మల మీంచి మంచు పొడి రాలుతూ ఎండలో మెరుస్తోంది. మేనల్లుడు ఆరింటికే బూట్లు వేసుకుని సిద్ధం. బియాస్ కుండ్ దారిలో ధుండి దాకా వెళ్ళి, ఆ పైన బకర్‌థాచ్ మైదానం చూడాలి. దీని కోసమే కదా వచ్చింది.

గైడు వద్దన్నాడు.

వాడు వాదించాడు. నేను వాణ్ణి తప్పుపట్టను. రెండేళ్ళ కోరిక, లీవు అయిపోవస్తోంది, ఎదురుగా ఇలాంటి రోజు. "ఆకాశం ఎంత క్లియర్‌గా ఉందో చూడు మామా. నిన్న భయపడ్డామంటే అర్థం ఉంది. ఈరోజు ఏంది?"

"చరియ ఆకాశంలో లేదు బాబూ, కింద ఉంది" అన్నాడు గైడు. మొన్న గొయ్యిలో చూసిన పంచదార ఎక్కడికీ పోలేదు. దాని మీద ఇప్పుడు డెబ్బై సెంటీమీటర్ల కొత్త బరువుంది. గాలి మోసిన చోట ఇంకా ఎక్కువ. ఎండ తగలగానే పైపొర బరువెక్కుతుంది. తుఫాను తర్వాత వచ్చే మొదటి ఎండ రోజు జనం అందరూ బయటికొస్తారు, మంచు ఇంకా సర్దుకోని రోజూ అదే. ధుండి పైన దారి మూడు చోట్ల చరియలు దిగే గండ్ల అడుగునుంచి పోతుంది. "నాకూ ఇంట్లో మీ వయసు పిల్లాడున్నాడు. వాణ్ణీ తీసుకెళ్ళను."

మేనల్లుడు ఇక మాట్లాడలేదు. వాళ్ళ నాన్న వాడి భుజం మీద చెయ్యి వేస్తే పక్కకు జరిగాడు.

అడవిలో చిన్న నడక మాత్రం ఒప్పుకున్నాడు గైడు. వాలు ఇరవై ఐదు దాటని చోట, దట్టమైన చెట్ల మధ్య, ఒకరి వెనక ఒకరు ఇరవై అడుగుల దూరంలో. మంచు బూట్లకు కట్టిన వెడల్పాటి పలకలున్నా మోకాలి దాకా దిగుతోంది. గంట నడిచాక చెట్ల మధ్య చిన్న ఖాళీ జాగా వచ్చింది, దాదాపు చదును. గైడు అందులో అడుగు పెట్టాడు.

"భుమ్..."

చెవితో విన్నానో కాళ్ళతో విన్నానో చెప్పలేను. నేల లోపల్నుంచి వచ్చింది. నిండు ధాన్యం బస్తాను అటక మీంచి కింద పడేస్తే ఇల్లంతా ఎట్లా అదురుతుందో అట్లా. మా చుట్టూ మంచు మొత్తం ఒకేసారి అంగుళం కిందికి కుంగింది. పక్కనున్న చిన్న మొక్క కొమ్మల మీది మంచు జలజలా రాలిపోయింది. గైడు చెయ్యి పైకెత్తి ఆగమన్నాడు. నా గుండె చప్పుడు నాకు వినిపిస్తోంది.

అది పంచదార పొర కూలిన చప్పుడు. చదును కాబట్టి ఎక్కడికీ జారలేదు. ఇదే కూలడం ముప్పై ఐదు డిగ్రీల వాలు మీద అయితే పైనున్న పలక విడిపోయి కదిలేది. ఒక్క మనిషి అడుగు బరువుకు మా చుట్టూ కనీసం ఇరవై అడుగుల మేర ఒకేసారి కూలింది. ఆ పొర కూలడం అట్లా పాకుతూ పోతుందట. చదును మీద నిలబడి పైనున్న వాలును దించేసిన సందర్భాలు కూడా ఉన్నాయి.

వచ్చిన అడుగుల్లోనే వెనక్కి తిరిగాం. అడవి అంచుకు వచ్చేసరికి పన్నెండు దాటింది. గైడు ఆగి చెయ్యి చూపించాడు. లోయ అవతల, ఎండ తగులుతున్న వాలు మీద ఒక సన్నటి గీత కనిపించింది, పెన్సిల్‌తో అడ్డంగా గీసినట్టు. ముందు చప్పుడు లేదు. గీత కింద ఉన్న తెలుపంతా నెమ్మదిగా, అంత దూరం నుంచి చాలా నెమ్మదిగా, ముక్కలై కదిలింది. ఆ తర్వాత పొగలా లేచింది. చప్పుడు ఆ తర్వాత వచ్చింది, దూరంగా గూడ్సు రైలు పోతున్నట్టు. మొత్తం నిమిషం కూడా పట్టలేదు. అక్కడ మనుషులెవరూ లేరు, అది ఎవరూ పోని వాలు.

మేనల్లుడు ఫోన్ చేతిలోనే ఉంది. వీడియో తియ్యలేదు. సాయంత్రం గైడుకు మలైకాజా పెట్టె మొత్తం ఇచ్చేశాడు. "ఇంట్లో పిల్లాడికివ్వండి" అన్నాడు.

పదో రోజు: ధుండి రోడ్డు

అటల్ సొరంగం దక్షిణ ముఖానికి పోయే రోడ్డును యంత్రాలతో తెరిచారు. ఫోర్ వీల్ బండ్లను మాత్రం పంపిస్తున్నారు. గైడు తన జీపులో కొంత దూరం తీసుకెళ్ళాడు. 2020 అక్టోబర్‌లో ప్రారంభమైన ఈ సొరంగం 9 కిలోమీటర్ల పొడవు. దానివల్లే లాహౌల్‌కు చలికాలంలోనూ దారి దొరికింది. ప్రమాదం సొరంగంలో కాదు, దాని దాకా పోయే రోడ్డు మీద. అందుకే కొన్ని గండ్ల దగ్గర రోడ్డు మీద కాంక్రీటు కప్పు కట్టారు, చరియ దాని మీంచి దిగిపోయేలా.

ఒక మలుపులో రాత్రి వచ్చిన చరియ రోడ్డు పక్కన పోగుపడి ఉంది. మనిషెత్తు. తెల్లగా, మెత్తగా ఉంటుందనుకున్నాను. ముద్దలు ముద్దలుగా, మట్టి రంగులో, మధ్యలో విరిగిన దేవదారు కొమ్మలు. పచ్చి దేవదారు వాసన ఘాటుగా కొడుతోంది. గైడు నా చేతికి పార ఇచ్చి తవ్వమన్నాడు. కొట్టాను. టంగుమంది. రాయి మీద కొట్టినట్టు చెయ్యి అదిరింది. రెండోసారి కొడితే చిన్న పెచ్చు లేచింది. చేత్తో తోసి చూశాను, గోరు కూడా దిగలేదు. మొన్న గొయ్యిలో వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది ఇదే మంచు. జారేటప్పుడు రాపిడికి రవ్వలు నలిగి పొడవుతాయి, ఆగిన మరుక్షణం ఒకదానికొకటి అతుక్కుని బిగుస్తాయి. దీని కింద ఉన్న మనిషి వేలు కూడా కదపలేడు. పావుగంట లెక్క నాకు అక్కడ అర్థమైంది.

2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్ పైన మాణా దగ్గర రోడ్డు పని చేసే 54 మంది మీద ఇలాంటిదే పడింది. లోహపు కంటెయినర్లలో నిద్రపోతున్నారు. 46 మంది బయటపడ్డారు, ఎనిమిది మంది పోయారు. మేం నిలబడ్డ చోట కూడా రోడ్డు తెరిచే కూలీలు పార పట్టుకుని పనిచేస్తూనే ఉన్నారు. సరదాకి వచ్చిన మేం వెనక్కి పోవచ్చు. వాళ్ళకు ఆ వీలు లేదు. బావ జీపు దిగి, మిగిలిన చెక్కల సంచి వాళ్ళకిచ్చి వచ్చాడు.

పదకొండు నుంచి పద్నాలుగు: ఇల్లు

బస్సు, ఢిల్లీ, రైలు. మేనల్లుడు దారిలో రెండుసార్లు మాత్రం బియాస్ కుండ్ పేరెత్తాడు. జూన్‌లో వస్తానన్నాడు, పువ్వులు పూసేటప్పుడు. మార్చి చివర, ఏప్రిల్‌లో మంచు గట్టిపడ్డాక తెల్లవారుజామున వెళ్ళొచ్చని గైడు చెప్పాడట, అప్పుడైనా ముందు గొయ్యి తవ్వి చూశాకే.

నెల్లూరులో దిగి నేరుగా ఇసకపల్లి వచ్చాం. మేం లేని ఈ రెండు వారాల్లో గట్టు మీద కొత్త ఉప్పు కుప్ప లేచింది, నా కంటే రెండింతల ఎత్తు. ఇంకా తాటాకులు కప్పలేదు. మేనల్లుడు నడక కర్రను కుప్ప మీద పడుకోబెట్టి ఫోన్ పెట్టాడు.

"ముప్పై మూడు, మామా."

ఆ అంకె రాసుకుంటున్నాను. వాడు వంగి అడుగునుంచి ఒక గుప్పెడు ఉప్పు తీసి, మెట్లు కనబడతాయేమోనని ఎండకు పెట్టి చూస్తున్నాడు. మళ్ళీ వంగాడు. అమ్మ మడిలోంచే అరిచింది.

"అడుగునుంచి తియ్యబాకరా అబ్బయ్యా, పైనుంచి దిగుద్ది!"

వాడు చటుక్కున పక్కకు జరిగాడు. కుప్ప కొంచెం జారి, వాడి చెప్పుల ముందు ఆగింది.